సొంత మిడి సందేశాలు: రాయడం, దిద్దడం

ఎలక్ట్రానిక్ వాద్యాలు తమలో తాము మాట్లాడుకునే భాష మిడి. కీ నొక్కితే ఒక సందేశం, వదిలితే మరొకటి, పెడల్ తొక్కితే ఇంకొకటి తీగ గుండా వెళ్తుంటాయి. ఇవన్నీ వాద్యం తనంతట తాను పంపేవి. అలా వదిలేయకుండా, ఏ నాబ్ తిప్పితే ఏ అంకెలు వెళ్లాలో, ఏ ప్యాడ్ కొడితే అవతలి యంత్రం ఏం చేయాలో వాయించేవారే తేల్చుకుని, ఆ అంకెలను కూర్చి పరికరంలో భద్రపరచుకునే పని గురించినది ఈ వ్యాసం.

సింథసైజర్ పైభాగాన కనిపించే మీటలు దాని లోపలి సామర్థ్యంలో కొంత భాగానికే దారి చూపిస్తాయి. మిగతాదంతా అందేది సందేశాల ద్వారానే. దీన్ని సాంకేతికుల పని అని సంగీతకారులు పక్కన పెట్టడం సరికాదు. వైణికులకు మైనం మీద మెట్లు ఎలా కూర్చుంటాయో తెలియాలి. మృదంగం వాయించేవారికి ఎడమ వైపు రవ్వ ముద్ద ఎంత అంటించాలో తెలియాలి. కీబోర్డు ముందు కూర్చున్నవారికి మిడి సందేశం తెలియడం కూడా ఆ కోవలోదే.

పుట్టుక

1980 నాటికి చాలావరకు ఏ కంపెనీ వాద్యాన్ని ఆ కంపెనీ వాద్యంతోనే కలపగలిగేవారు. 1981 నవంబరులో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ సమావేశంలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ సంస్థకు చెందిన డేవ్ స్మిత్, చెట్ వుడ్ అందరికీ పనికొచ్చే ఒక అనుసంధాన పద్ధతిని ప్రతిపాదించారు. రోలాండ్ స్థాపకుడు ఇకుటారో కకెహాషి జపాన్ కంపెనీలను ఈ ప్రయత్నంలో కలిపారు. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ ప్రదర్శనలో సీక్వెన్షియల్ వారి ప్రాఫెట్-600, రోలాండ్ వారి జూపిటర్-6 ఒకే తీగతో కలిసి మోగాయి. అదే ఏడాది ఆగస్టులో మిడి 1.0 ప్రమాణం అచ్చయింది. ఈ కృషికి స్మిత్, కకెహాషి ఇద్దరికీ 2013లో టెక్నికల్ గ్రామీ పురస్కారం దక్కింది.

ఆ ప్రమాణం ఏ కంపెనీ అయినా తన వాద్యానికే చెందిన ప్రత్యేక సందేశాలను పెట్టుకోవడానికి చోటిచ్చింది. అలా పెట్టుకున్నవారు వాటి అమరికను ప్రచురించాలని కూడా ఆశించింది. అందుకే పాత మాన్యువళ్ల చివర మిడి ఇంప్లిమెంటేషన్ అనే పేరుతో పట్టికలు కనిపిస్తాయి. కొన్న చాలామంది తిరగేయని పేజీలవి. సొంత సందేశం రాయాలంటే మొదట తెరవాల్సిందీ వాటినే. అచ్చులో ఉన్నాయి కాబట్టే, తయారీ ఆగిపోయి దశాబ్దాలైన వాద్యాలకు కూడా ఇవాళ కొత్త ఎడిటర్లు పుడుతున్నాయి.

బైట్ల లెక్క

మిడి తీగ మీద సెకనుకు 31,250 బిట్లు ప్రయాణిస్తాయి. పది లక్షల హెర్ట్జ్ గడియారాన్ని 32తో భాగిస్తే వచ్చే అంకె ఇది. ఒక్కో బైట్‌లోని 8 బిట్లకు ముందొకటి, వెనకొకటి కాపలా బిట్లు ఉంటాయి. అంటే బైట్‌కు 10 బిట్లు, సెకనుకు 3,125 బైట్లు. ఒక్క బైట్ వెళ్లడానికి 320 మైక్రోసెకన్లు, మూడు బైట్ల మామూలు సందేశానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది. ఈ వేగాన్ని మనసులో ఉంచుకుంటే తర్వాత వచ్చే చిక్కులు చాలావరకు వాటంతట అవే అర్థమవుతాయి.

బైట్లు రెండు జాతులు. 128 నుంచి 255 దాకా ఉన్నవి ఆదేశాలు, 0 నుంచి 127 దాకా ఉన్నవి విలువలు. మొదటి ఛానల్‌లో స్వరం మోగించమనే ఆదేశం 144. దాని వెనక కీ సంఖ్య, ఎంత బలంగా కొట్టామన్న సంఖ్య వస్తాయి. 144, 60, 100 అని పంపితే మధ్య సి మోగుతుంది. 145 అంటే అదే పని రెండో ఛానల్‌లో. ఇలా 16 ఛానళ్లకు 16 సంఖ్యలు. కంట్రోల్ ఛేంజ్ 176 దగ్గర, టోన్ మార్చే ప్రోగ్రామ్ ఛేంజ్ 192 దగ్గర, పిచ్ బెండ్ 224 దగ్గర మొదలవుతాయి.

మాన్యువళ్లు ఈ అంకెలను సాధారణంగా హెక్స్ పద్ధతిలో, అంటే 16 మూలంగా లెక్కించి ముద్రిస్తాయి. అక్కడ 90 అని కనిపించేది మన మామూలు లెక్కలో 144. కొన్ని పరికరాల తెరలు మామూలు అంకెలే అడుగుతాయి. ఏ పద్ధతి అడుగుతున్నారో చూసుకోకుండా అంకెలు ఎక్కించడం కొత్తవారు అన్నింటికన్నా ఎక్కువగా చేసే తప్పు. ఈ వ్యాసంలో ఉన్నవన్నీ మామూలు అంకెలే.

విలువ బైట్ 127 దాటకూడదు కాబట్టి పెద్ద సంఖ్యను ముక్కలు చేసి పంపాలి. 1000ని 128తో భాగిస్తే భాగఫలం 7, శేషం 104. ఆ రెండింటినీ రెండు బైట్లుగా పంపితే అవతలి యంత్రం మళ్లీ కలుపుకుంటుంది. ఈ లెక్కన రెండు బైట్లతో 16,384 మెట్లు వస్తాయి. పిచ్ బెండ్ నడిమి స్థానం 8192 కావడానికి కారణం అదే. కొన్ని కంపెనీలు 16తో భాగించి పంపుతాయి. అక్కడ 200 అనేది 12, 8 అవుతుంది. ఏ కంపెనీ ఏ పద్ధతి వాడిందో పట్టిక చూసి తెలుసుకోవాల్సిందే, ఊహించి లాభం లేదు.

నాబ్‌కు, ప్యాడ్‌కు పని అప్పగించడం

సొంత సందేశాల్లో సులువైనది కంట్రోల్ ఛేంజ్. దానిలో 7వ సంఖ్య ధ్వని స్థాయి, 10 ఎడమ కుడి స్థానం, 64 సస్టెయిన్ పెడల్, 71 ఫిల్టర్ రెజొనెన్స్, 74 ఫిల్టర్ కటాఫ్. కంట్రోలర్ పరికరం ఎడిట్ తెరలో అడిగేవి కొన్నే: సందేశ రకం, ఛానల్, సంఖ్య, కనిష్ఠం, గరిష్ఠం. చివరి రెండింటిలో సంగీతానికి పనికొచ్చే మెళకువ ఉంది. రెజొనెన్స్ చివరిదాకా తిప్పితే కీచుమనే సింథ్ అయితే గరిష్ఠాన్ని 90 దగ్గర కట్టేయవచ్చు. వేదిక మీద చెయ్యి తొందరపడినా చెవులకు హాని ఉండదు. కనిష్ఠం 127, గరిష్ఠం 0 అని తిరగేసి పెట్టనిచ్చే పరికరాలూ ఉన్నాయి. అప్పుడు ఒకే ఫేడర్‌తో ఒక ధ్వని లేస్తుంటే మరొకటి తగ్గేలా అమర్చవచ్చు.

మామూలు నాబ్‌తో ఒక ఇబ్బంది ఉంది. టోన్ మార్చగానే సింథ్ లోపలి విలువ ఒకచోట, నాబ్ సూచించే విలువ మరోచోట ఉంటాయి. నాబ్‌ను కొంచెం కదిలించినా విలువ ఒక్కసారిగా ఎగిరి పడుతుంది. పికప్ అనే అమరిక పెడితే నాబ్ ఆ పాత విలువను దాటేదాకా సందేశం అవతలివారికి పట్టదు. హద్దు లేకుండా తిరిగే ఎన్‌కోడర్లకు ఇంకో దారి ఉంది. అవి ఎంత అని చెప్పకుండా పెంచు, తగ్గించు అని మాత్రమే చెబుతాయి. పెంచడానికి 1, తగ్గించడానికి 127 పంపేవి కొన్ని, 65, 63 పంపేవి మరికొన్ని. అందుకునే యంత్రం ఏ పద్ధతి ఎదురుచూస్తోందో కలవకపోతే నాబ్ ఎటు తిప్పినా విలువ పిచ్చిగా పరిగెడుతుంది.

తెలుగు నాట ఈ విద్యను తెలియకుండానే ఆచరిస్తున్నవారిలో ఎక్కువమంది ఆక్టాపాడ్ వాయించేవారు. 1985లో రోలాండ్ తెచ్చిన మొదటి ఆక్టాపాడ్, ప్యాడ్-8కు సొంత శబ్దాలే లేవు. ఎనిమిది ప్యాడ్లు, వాటి నుంచి వెళ్లే మిడి సందేశాలు, అంతే. శబ్దం తీగ అవతల ఉన్న మరో వాద్యానిది. పెళ్లి ఆర్కెస్ట్రాల్లో, భజన బృందాల్లో ఇప్పుడు ఎలక్ట్రానిక్ ప్యాడ్లన్నిటికీ ఆక్టాపాడ్ అన్నదే వాడుక పేరైపోయింది. ప్యాడ్‌కు ఏ కీ సంఖ్య, ఏ ఛానల్, ఎంతసేపటికి ఆపమనే సందేశం అన్న మూడింటినీ దిద్దితే ఒక ప్యాడ్ చేత పక్కనున్న మాడ్యూల్‌లో తబలా పలికించవచ్చు. జనరల్ మిడి పద్ధతిలో 10వ ఛానల్ మీద 36 బేస్ డ్రమ్, 38 స్నేర్, 42 మూసిన హై-హ్యాట్.

పిచ్ బెండ్ చక్రం ఎంత దూరం జరగాలన్నది కీబోర్డు మీద గమకం పలికించేవారికి ప్రాణప్రదమైన అమరిక. మామూలుగా అది రెండు అరస్వరాలే. దాన్ని 12కు పెంచాలంటే మొదటి ఛానల్‌లో వరసగా 176, 101, 0. 176, 100, 0. 176, 6, 12. 176, 38, 0 పంపాలి. మొదటి రెండూ ఏ అమరికో చెబుతాయి, తర్వాతివి ఎంతో చెబుతాయి. ఆ తర్వాత 176, 101, 127. 176, 100, 127 పంపి ఆ తలుపు మూసేయడం మంచి అలవాటు. మూయకపోతే పొరపాటున వచ్చిన మరో విలువ ఈ అమరికనే చెడగొట్టవచ్చు. 99, 98 సంఖ్యలతో ఇదే పద్ధతిలో నడిచే ఎన్‌ఆర్‌పీఎన్ సందేశాలు కంపెనీల సొంత అమరికల కోసం ఉన్నవి.

సిస్‌ఎక్స్

అసలైన లోతు సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్‌లో ఉంది. వాడుకలో సిస్‌ఎక్స్ అంటారు. ఈ సందేశం 240తో మొదలై 247తో ముగుస్తుంది. మధ్యలో ఎన్ని విలువ బైట్లయినా ఉండవచ్చు. 240 తర్వాత వచ్చేది కంపెనీ గుర్తింపు సంఖ్య: రోలాండ్ 65, కోర్గ్ 66, యమహా 67, కాసియో 68. చోటు చాలక తర్వాత వచ్చిన కంపెనీలకు 0తో మొదలయ్యే మూడు బైట్ల సంఖ్యలు ఇచ్చారు. 125ను బోధనకు, అమ్మకానికి కాని ప్రయోగాలకు వదిలేశారు. ఇంట్లో ఆర్డుయినో బోర్డుతో సొంత కంట్రోలర్ కట్టుకునే విద్యార్థికి ఆ సంఖ్య తన చిరునామా లాంటిది. 126, 127 అన్ని కంపెనీలకూ ఉమ్మడి.

యమహా డీఎక్స్7 చూస్తే సిస్‌ఎక్స్ విలువ తెలుస్తుంది. 1983లో వచ్చిన ఈ వాద్యంలో ఒక ధ్వనిని నిర్ణయించే అమరికలు దాదాపు 150 ఉంటే, పైన మార్చడానికి ఉన్నవి చదునైన బొత్తాలు, ఒక స్లైడర్. ఆరు ఆపరేటర్ల ఎఫ్‌ఎం ధ్వనిని ఆ ఒక్క స్లైడర్‌తో మలచడం ఎంతో ఓర్పు కావాల్సిన పని. మిడి నుంచి మాత్రం ప్రతి అమరికకూ నేరుగా దారి ఉంది. ఆపరేటర్లు ఒకదానికొకటి ఎలా కలవాలో చెప్పే అల్గారిథమ్‌ను అయిదోదానికి మార్చాలంటే 240, 67, 16, 1, 6, 4, 247 చాలు. లెక్క 0 నుంచి మొదలవుతుంది కాబట్టి అయిదోది 4 అయింది. అల్గారిథమ్ అమరిక సంఖ్య 134. అది 127 దాటింది కాబట్టి 1, 6గా విడిపోయింది. ఈ ఏడు అంకెల్లో ఆరో దాన్ని స్థిరంగా ఉంచకుండా నాబ్ విలువకు వదిలేస్తే, 1983లో లేని నాబ్ ఇప్పుడు వచ్చినట్టే.

అలా వదిలే వీలిచ్చే పరికరాలు కొన్ని పేరు తెచ్చుకున్నాయి. 1990ల నాటి పీవీ పీసీ-1600లో 16 ఫేడర్లుండేవి. ఒక్కోదానికి మొత్తం బైట్ల వరసను ఎక్కించి, విలువ ఎక్కడ చేరాలో చెప్పవచ్చు. 32 నాబ్‌ల బెరింగర్ బీసీఆర్2000ది ఇంకా ఆసక్తికరమైన కథ. దాని అమరికలను మామూలు పాఠ్యం రూపంలో, పంక్తులు పంక్తులుగా రాసి సిస్‌ఎక్స్ ద్వారానే పరికరంలోకి పంపవచ్చు. ముందు భాగంలో ఉన్న తెర చూపించగలిగిన దానికన్నా ఆ పాఠ్య భాష చేయగలిగింది చాలా ఎక్కువ. ఇప్పటి ఎలక్ట్రా వన్ అనే 12 నాబ్‌ల కంట్రోలర్ తెర మీద అమరికల పేర్లు కూడా చూపిస్తుంది, లువా భాషలో చిన్న ప్రోగ్రాములు రాసుకోనిస్తుంది. అన్నీ ఇలా ఉండవు. గిటారిస్టులు కాలితో తొక్కే బెరింగర్ ఎఫ్‌సీబీ1010 ప్రోగ్రామ్ ఛేంజ్, కంట్రోల్ ఛేంజ్, స్వర సందేశాలు పంపుతుంది కానీ సిస్‌ఎక్స్ పంపదు. కొనేముందు చూసుకోవాల్సిన విషయం ఇది.

ఒక సందేశం పూర్తిగా: శ్రుతి సవరణ

కీబోర్డు స్వరాలన్నీ సమానంగా 100 సెంట్ల ఎడంతో ఉంటాయి. తంబురా శ్రుతితో కలిపి వింటే అంతర గాంధారం కాస్త ఎక్కువగా పలుకుతున్నట్టు శిక్షణ పొందిన చెవికి వెంటనే తెలుస్తుంది. షడ్జంతో 5:4 నిష్పత్తిలో ఉండే గాంధారం 386 సెంట్ల దగ్గర ఉంటుంది, కీబోర్డుది 400. ఆ 14 సెంట్ల తేడాను సందేశంతో దిద్దవచ్చు. రోలాండ్ 1991లో సౌండ్ కాన్వాస్ ఎస్‌సీ-55తో తెచ్చిన జీఎస్ పద్ధతిలో పన్నెండు స్వరాలకూ విడివిడిగా శ్రుతి సవరించే చోటు ఉంది. 64 అంటే మార్పు లేదు. ఒక్కో అంకె ఒక్కో సెంటు.

సి షడ్జంగా, శంకరాభరణం స్వరాలకు సవరణ రాద్దాం. రిషభం 4 పైకి, గాంధారం 14 కిందికి, మధ్యమం 2 కిందికి, పంచమం 2 పైకి, ధైవతం 16 కిందికి, నిషాదం 12 కిందికి. నల్ల కీల జోలికి పోవద్దు. సి నుంచి బి దాకా విలువలు ఇవి: 64, 64, 68, 64, 50, 62, 64, 66, 64, 48, 64, 52.

వీటికి ముందు శీర్షిక 240, 65, 16, 66, 18. అంటే సందేశం మొదలు, రోలాండ్, పరికరం సంఖ్య, జీఎస్, రాయమనే ఆజ్ఞ. పరికరం తెర మీద 17 అని చూపిస్తే ఇక్కడ 16 రాయాలి. తర్వాత చిరునామా 64, 17, 64. ఇది మొదటి పార్టుకు శ్రుతి పట్టిక ఉండే చోటు. ఆ వెనక పై పన్నెండు విలువలు.

ఇక చెక్‌సమ్. దారిలో బైట్ చెడిపోతే పట్టుకోవడానికి రోలాండ్ పెట్టిన కాపలా ఇది. చిరునామాను, విలువలను కూడాలి. చిరునామా మొత్తం 145, విలువల మొత్తం 730, కలిపితే 875. దాన్ని 128తో భాగిస్తే శేషం 107. 128 నుంచి 107 తీసేస్తే 21. శేషం 0 వస్తే చెక్‌సమ్ కూడా 0. 21 వెనక 247 పెడితే సందేశం పూర్తయింది. మొత్తం 22 బైట్లు, తీగ మీద 7 మిల్లీసెకన్లు. గాంధారం ఒక్కటి మార్చినా చెక్‌సమ్ మళ్లీ లెక్కించాలి. నాబ్‌తో నడిపేటప్పుడు చెక్‌సమ్‌ను తానే లెక్కించుకోగల కంట్రోలర్ అవసరమయ్యేది ఇందుకే. యమహా ఎక్స్‌జీ పద్ధతిలో ఒక్కో అమరికను మార్చే సందేశాలకు చెక్‌సమ్ ఉండదు.

ఈ సవరణతో రాగం రాదు. గమకం వేరే విద్య. నిలకడగా పట్టిన స్వరం మాత్రం శ్రుతితో కలుస్తుంది. ఎన్నో ఏళ్లుగా చెవికి చిన్న ముల్లులా గుచ్చుకున్నది 22 అంకెలతో పోవడం వాయించినవారు మరచిపోలేని అనుభవం.

ఎక్కడ తప్పుతుంది

సందేశం సరిగ్గా రాసినా వాద్యం ఉలకకపోతే మొదట చూడాల్సింది వాద్యంలోని అమరిక. డీఎక్స్7లో సిస్‌ఎక్స్ స్వీకరణ విడిగా తెరవాలి. 32 ధ్వనుల మొత్తాన్ని అందుకోవాలంటే మెమరీ ప్రొటెక్ట్ కూడా తీసేయాలి. తర్వాత చేయదగ్గది 240, 126, 127, 6, 1, 247 పంపడం. నువ్వెవరని అడిగే ఉమ్మడి సందేశమిది. దీన్ని ఎరిగిన వాద్యం తన కంపెనీ సంఖ్యతో, నమూనా సంఖ్యతో బదులిస్తుంది. అలా బదులు వస్తే రెండు వైపులా తీగలు బాగున్నట్టే.

సిస్‌ఎక్స్ నడుస్తుండగా మధ్యలో మరో ఆదేశం దూరితే సందేశం తెగిపోతుంది. తాళం గడియారం 248 వంటి రియల్‌టైమ్ బైట్లకు మాత్రమే ఆ మినహాయింపు ఉంది. రెండు కంట్రోలర్లను ఒకే సింథ్‌కు కలపాలంటే మర్జ్ పెట్టె కావాలి. రెండు తీగలను నేరుగా అతికితే సందేశాలు కలగాపులగమవుతాయి.

వేగం మరో చిక్కు. డీఎక్స్7 నుంచి 32 ధ్వనులు ఒకేసారి బయటికి వస్తే 4,104 బైట్లు, 1.3 సెకన్లు. పాత వాద్యాల ప్రాసెసర్లు ఆ వరదను నెమ్మదిగా మింగుతాయి. పెద్ద ముక్కల మధ్య కాస్త విరామం ఇవ్వాలి. జీఎస్ రీసెట్ పంపాక 50 మిల్లీసెకన్లయినా ఆగి తర్వాతి సందేశం పంపాలి. చవక యూఎస్‌బీ తీగలు కొన్ని చిన్న సందేశాలను బాగానే మోస్తాయి, పొడవైన సిస్‌ఎక్స్‌ను మధ్యలో వదిలేస్తాయి. యూఎస్‌బీ మీద సిస్‌ఎక్స్ మూడేసి బైట్ల ముక్కలుగా వెళ్లి మళ్లీ కలవాలి. ఆ కలపడం సరిగ్గా చేయని తీగల వల్ల వాద్యమే పాడైందని అనుకున్నవారున్నారు.

విండోస్‌లో మిడి-ఆక్స్, మ్యాక్‌లో సిస్‌ఎక్స్ లైబ్రేరియన్ వంటి ఉచిత సాధనాలు వెళ్తున్న బైట్లను కళ్ల ముందు పెడతాయి. ఏదైనా దిద్దేముందు వాద్యంలోని ధ్వనులన్నిటినీ బల్క్ డంప్‌గా బయటికి తీసి దాచుకోవడం తప్పనిసరి. తప్పు చిరునామాకు వెళ్లిన ఒక్క సందేశం ఏళ్ల కృషిని చెరిపేయగలదు. ఆపినా ఆగకుండా స్వరం మోగుతుంటే ఆ ఛానల్‌కు కంట్రోల్ ఛేంజ్ 123 పంపాలి. దాన్ని ఎప్పుడూ చేతికందే ఒక బొత్తానికి అప్పగించి ఉంచడం వేదిక మీద మేలు.

మిడి 2.0

2020 జనవరిలో వెలువడిన మిడి 2.0లో కంట్రోలర్ విలువకు 128 మెట్ల బదులు 32 బిట్ల సూక్ష్మత వచ్చింది. ఒక్కో స్వరానికి విడిగా నియంత్రణ వచ్చింది. 16 ఛానళ్ల గుంపులు 16, మొత్తం 256 ఛానళ్లు. సొంత సందేశాలు రాసేవారికి అన్నిటికన్నా ముఖ్యమైనది మిడి-సీఐ. దీని ద్వారా రెండు పరికరాలు తమ సామర్థ్యాలను ఒకదానికొకటి చెప్పుకుంటాయి, అమరికల పేర్లు, విలువలు పాఠ్య రూపంలో పంచుకుంటాయి. మాన్యువల్ చివర పట్టికలో వెతుక్కున్నదాన్ని వాద్యమే చెప్పడం అన్నమాట. దీనికి రెండు వాద్యాలూ మిడి-సీఐ ఎరిగినవై ఉండాలి. 1983 నుంచి పోగుపడిన లక్షల వాద్యాలు ఎరగవు, వాటికి చేత్తో రాసిన సందేశమే దారి. మిడి-సీఐ సంభాషణ కూడా 240, 126తో మొదలై 247తో ముగిసే సిస్‌ఎక్స్ సందేశాలలోనే నడుస్తుంది.